దొరకలేదు, దాటి వెళ్తున్నాను

శలేష్ణికి కుడికాలు ఎప్పుడో మొద్దుబారింది, ఇప్పుడు ఎడమ పాదంలో చీమలు పాకుతున్నాయి, అయినా కదలడానికి లేదు. కోరోవాతు ఊరి సభామందిరంలో ఆడవాళ్ళు కాళ్ళు రెండూ ఒక పక్కకి మడుచుకుని తలుపు దగ్గర చాప మీద కూర్చోవాలి, మగవాళ్ళు బాసింపట్టు వేసుకుని లోపలి వైపు. అందరికంటే ముందు, యంగోనా అనే వేరు పానీయం కలిపే కొయ్యగిన్నెకి ఇవతల, డైరెక్టర్ అపిసాయి తల వంచుకుని కూర్చున్నాడు. అతని రెండు అరచేతుల్లో తిమింగిలం పన్ను. తరతరాల నూనె చేతులు తగిలి మాగిన అరటిపండు రంగు తేలింది, రెండు కొసలకీ పేనిన తాడు. ఆవలి వాళ్ళు ఆ పన్ను అందుకుంటే తప్పు కాసినట్టు. అందుకోకపోతే ఆఫీసు జీపు వచ్చిన దారినే పోవాలి. మూడు వారాల కిందట, ఎండ కాస్తున్న ఒక శుక్రవారం, ఈ ఊరి కోడలు మెరెసేని నదిలో మెడలోతున నిలబడి మునిగి మునిగి ఆల్చిప్పలు ఏరుతూ ఉండగా, పై కొండల్లో కురిసిన వాన నదిలోకి దిగింది. అది వచ్చేముందు సైరన్ మోగాలి. మోగలేదు. ఆ మోగకపోవడానికి క్షమాపణ అడగడానికే రాజధాని సువా నుంచి నది ఆఫీసు వాళ్ళు ఐదుగురు వచ్చారు. వాళ్ళలో ఆ సైరన్లను మోగించే ప్రోగ్రాం రాసింది శలేష్ణి. ఈ సంగతి ఊళ్ళో వాళ్ళకి తెలియదు, ఒక్క ఇసికేలికి తప్ప. ఇంకో సంగతి ఉంది, అది ఇసికేలికీ తెలియదు, అపిసాయికీ తెలియదు. ఆమె ఫోనుకి కూడా గుర్తులేదు, పంపకుండా చెరిపేసిన మాటల్ని ఫోన్లు దాచుకోవు కాబట్టి.

ఇసికేలి జుట్టు ఎంత తెల్లబడిపోయింది! ఊరి పెద్దల వరసలో, కిటికీ పక్కన, కళ్ళు చాప మీద పెట్టుకుని కూర్చున్నాడు. రిటైరై ఊరు చేరకముందు, ఆఫీసులో ఉన్నప్పుడు, ఆయన నవ్వితే మెట్ల మీదికి వినిపించేది. పదిహేనేళ్ళ కిందట కొత్తగా ఉద్యోగంలో చేరిన శలేష్ణిని జీపులో ఎక్కించుకుని నది పొడుగునా తిప్పాడు, పద్దెనిమిది చోట్ల నీటిమట్టం కొలిచే కొలబద్దలు పాతడానికి. మోమో అని పిలవమన్నాడు, మేనమామ వరస. ప్రతి మలుపు దగ్గరా జీపు ఆపి, ఇక్కడ నీళ్ళు ఎలా లేస్తాయో చెప్పేవాడు. ఇక్కడ దొంగలా వస్తాయి, చప్పుడుండదు. ఇక్కడ ముందు రంగు మారుతుంది, తరువాత లేస్తుంది. ఇక్కడ ఒక పాత నిమ్మచెట్టు ఉండేది, అందుకే వునిమోలి అంటారు, చెట్టు పోయి ముప్పై ఏళ్ళయింది, పేరు పోలేదు, మా అమ్మ ఇక్కడే ఆల్చిప్పలు ఏరేది. శలేష్ణి అన్నీ నోటు పుస్తకంలో రాసుకునేది. రాకిరాకి దగ్గర, చెరుకు కూలికి ఓడల్లో వచ్చినవాళ్ళ ఇంట, పొలంలో పెరిగిన పిల్ల, ఎనిమిదేళ్ళప్పుడు వరదలో తండ్రి పాడిఆవు మెడతాడుతో సహా కొట్టుకుపోతుంటే వసారా కప్పు మీద నుంచి చూసింది. ఆవు అరవలేదు. ఆ అరవకపోవడమే ఆమెకి గుర్తు. నీళ్ళు చెప్పవు, ఎవరో ఒకరు చెప్పాలి అనుకుంది, ఎనిమిదేళ్ళ పిల్ల అంత స్పష్టంగా అనుకుని ఉండదు గాని ఇప్పుడు తలుచుకుంటే అలాగే అనిపిస్తుంది. కొలబద్దలు పాతడం అయ్యాక ఒక్కో మలుపుకి ఒక్కో చిన్న ఫైలు రాసింది. ఈ మలుపులో నీళ్ళు ఎంత లేస్తే సైరన్ మోగాలి, ఎన్ని నిమిషాల ముందు మోగాలి, అన్నీ ఆ ఫైల్లోనే. ఫైలుకి పేరు ఏం పెట్టను మోమో, నంబర్లు పెట్టనా అంటే ఆయన నుదురు చిట్లించాడు. "నంబరెందుకమ్మాయ్? తుఫానులో ఫోన్ సరిగ్గా వినపడదు. పద్నాలుగో నాలుగో ఎవడికి తెలుస్తుంది? వునిమోలి అన్నావనుకో, గొంతు సగమే వినపడినా పోల్చుకుంటారు." అలా పద్దెనిమిది ఫైళ్ళకీ నది పెట్టుకున్న పేర్లే పెట్టింది.

అపిసాయి మాట మొదలుపెట్టాడు. గొంతు తగ్గించి, పదం పదం విడదీసి, ఊరి పెద్దలనీ వాళ్ళ ముందటి పెద్దలనీ వరసగా తలుచుకుంటున్నాడు. బాగా మాట్లాడతాడు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. మీటింగుల్లో కూడా ఇలాగే, ఎదుటివాడి చెప్పు తీసుకుని వాడినే కొట్టి మళ్ళీ వాడికే తొడిగినంత మెత్తగా. ఆ రోజు మీటింగులో ఎంత మెత్తగా అన్నాడు! బ్రిస్బేన్ నుంచి డామియన్ అనే కుర్ర నిపుణుడు వచ్చాడు, ఆఫీసు ప్రోగ్రాములన్నీ శుభ్రం చెయ్యడానికి. తెర మీద పద్దెనిమిది పేర్లూ చూపించి, ఇవి పలకడానికి కూడా నోరు తిరగడం లేదు, వీటికి పద్ధతిగా నంబర్లు పెడదాం, నా దగ్గర పనిముట్టు ఉంది, ఒక్క మీట నొక్కితే ఎక్కడెక్కడ ఆ పేరుందో అన్ని చోట్లా మార్చేస్తుంది అన్నాడు. శలేష్ణి చెయ్యెత్తింది. అన్ని చోట్లా మార్చదు అంది. పెద్ద ప్రోగ్రాంకి ఏ మలుపు సంగతీ ముందుగా తెలియదు, దాని చేతిలో పేర్ల జాబితా ఒకటి ఉంటుంది, కబురు వచ్చినప్పుడు ఆ జాబితాలో చూసి అప్పటికప్పుడు ఆ పేరుతో ఫైలుని పిలుస్తుంది. ఆ జాబితాలో ఉన్నవి మీ పనిముట్టు కంటికి పేర్లు కావు, ఉత్త అక్షరాలు, సరుకుల చీటీలో ఉల్లిపాయలు అని రాసినట్టు. అది వాటిని ముట్టుకోదు. ఫైలు పేరు ఒకటీ, పిలిచే పేరు ఒకటీ అవుతుంది. డామియన్ తన తెర వంక చూసుకుంటూ, పరీక్ష పెడతాంగా అన్నాడు. అపిసాయి కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "శలేష్ణికి అవి కన్నబిడ్డలయ్యా. బిడ్డకి బారసాల మళ్ళీ చేస్తామంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది?" గది గదంతా నవ్వింది. టీ తెచ్చిన మనిషి కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, అదీ ఇప్పటికీ గుచ్చుకునేది. పద్దెనిమిది సైరన్ల సంగతి చెబుతుంటే అందరితో పాటు తనూ ఇకిలించి, ఎత్తిన చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది.

మళ్ళీ చెప్పి ఉండొచ్చు. ఒకసారి చెబితే నవ్వారు, రెండోసారి చెబితే విసుక్కునేవాళ్ళు, మూడోసారి వినేవాళ్ళేమో. ఆమె చెప్పలేదు. చెప్పిన నోరు చేదెక్కింది, చూద్దాం అనుకుంది. పేర్లు మార్చేశారు, వునిమోలి ఎస్-పద్నాలుగు అయింది. ఏమీ కాలేదు. సైరన్లు నెలవారీ పరీక్షలో మోగాయి. డామియన్ కారిడార్లో ఎదురుపడి, చూశారా, ఏమీ విరగలేదు అన్నాడు, పాపం మర్యాదగానే అన్నాడు. విరగకపోవడానికి కారణం అతనికి తెలియదు, ఆమెకి తెలుసు. ఆగకుండా నడుస్తున్న ప్రోగ్రాం ఒకసారి పిలిచి తెచ్చుకున్న ఫైలుని తన జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. ఫైల్లో ఏదైనా మారితే అదే పేరుతో మళ్ళీ తెచ్చుకుని పాతదాని చోట కొత్తది పెడుతుంది, తుఫాను మధ్యలో కూడా ప్రోగ్రాం ఆపకుండా లెక్కలు సరిదిద్దుకోవడానికి ఆమే అలా రాసింది. కొత్తది దొరక్కపోతే పాతదాన్నే వదలకుండా పట్టుకుంటుంది. అలా, డిస్కు మీద లేని పద్దెనిమిది పేర్లు ప్రోగ్రాం జ్ఞాపకంలో బతికే ఉన్నాయి, నది వంక చూస్తూనే ఉన్నాయి. ఆపనంత కాలం ఫరవాలేదు. ఆపి మళ్ళీ మొదలుపెట్టిన రోజున దానికి జ్ఞాపకం ఉండదు, ఖాళీ బుర్రతో లేచి జాబితా చదివి వునిమోలీ అని పిలుస్తుంది, పలికేవాళ్ళు ఉండరు. ఇదంతా తెలిసి ఆమె నలభై రోజులు ఆఫీసుకి వెళ్ళింది, వచ్చింది. డబ్బాలో రొట్టె, బంగాళాదుంప కూర పట్టుకెళ్ళింది. డామియన్‌కి మామిడికాయ పచ్చడి కూడా పెట్టింది, కారం కారం అని అతను గంతులు వేస్తే నవ్వింది. లోపల ఒక మూల ఇంకెవరో కూర్చుని రోజులు లెక్కపెట్టుకుంటున్నారు, రానీ, వాళ్ళే వస్తారు నా దగ్గరికి, శలేష్ణీ ఏమైంది చూడవూ అని వస్తారు.

గొంతు సవరించుకుంటున్నాడు అపిసాయి. అసలు మాట దగ్గరికి వచ్చాడు. ఎదుటి వరసలో ఊరి తరఫున మాట్లాడే పెద్దమనిషి కితియోనే భుజాలు నిటారుగా చేసి వింటున్నాడు. ఆయన వెనక మెరెసేని భర్త, నల్లచొక్కా, మోకాళ్ళ మీద పెద్ద పెద్ద చేతులు, ఆ చేతులతో ఏం చెయ్యాలో తెలియనట్టు. ఆడవాళ్ళ వైపు, శలేష్ణికి నాలుగు మూరల దూరంలో, మెరెసేని అత్తగారు లోసాలినీ. ఊరంతా ఆమెని బూబూ అంటారు, అంటే అమ్మమ్మ. ముసలామె చాప అంచు నుంచి ఊడిన ఈనెని వేలికి చుట్టి విప్పుతోంది, చుట్టి విప్పుతోంది. ఆ రోజు ఆమె కూడా నదిలోనే ఉందట. ఒడ్డున గోరంత నీడ కూడా లేదు, ఎండ అంత తీక్షణంగా ఉంది, అత్త బుట్ట నిండిందని గట్టెక్కింది, కోడలు ఇంకొక్క మునక వేసి వస్తానంది. ఒక్క మునక ఎంతసేపు? శలేష్ణి చిన్నప్పుడు ఊపిరి బిగబట్టి లెక్కపెట్టేది, నలభై దాకా వచ్చేది. "...కంప్యూటర్ దారి తప్పింది," అంటున్నాడు అపిసాయి. "మనిషి చేతిలో లేని పని. యంత్రానికి కూడా ఒక్కోసారి కునుకు పడుతుంది. మేం సిగ్గుతో తల వంచుకుని వచ్చాం." కునుకు! ఒక్క క్షణం కూడా కునకలేదు అది. ఆ శుక్రవారం ఉదయం ఆరింటి నుంచి పూర్తిగా మేలుకునే ఉంది, అడిగినవన్నీ చేసింది, చెప్పినట్టే చేసింది.

గురువారం సాయంత్రం ఆమె సెలవులో ఉంది. సువా పక్కన నసీనులో, ఇంట్లో, పిండి చేతులు, పెనం మీద రొట్టె పొంగుతోంది, ఫోన్ గల్లుమంది. డామియన్ అందరికీ పంపిన కబురు, రేపు పొద్దున్న ఆరింటికి కరెంటు పని ఉంది, సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెడతాం, ఎవరూ కంగారు పడకండి. చెయ్యి తుడుచుకుని టైపు చేసింది. ఆపకండి, ముందు పేర్ల జాబితా మార్చండి, లేకపోతే పద్దెనిమిది సైరన్లూ మూగపోతాయి. అక్షరాలా అదే రాసింది. వేలు పంపే గుర్తు మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. ఎందుకు ఆగిందో ఈ మూడు వారాల్లో వందసార్లు వెతుక్కుంది, దొరికే కారణం ఒక్కటే, అంత చిన్నదాని కోసం ఒక మనిషి పోతుందా అని నమ్మబుద్ధి కావడం లేదు. టీ తెచ్చిన మనిషి నవ్వు. అది గుర్తొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టిందమ్మా బిడ్డల తల్లి అనుకుంటారు. వాతావరణం చూసింది, సోమవారం దాకా వాన లేదు. సరే, శుక్రవారం ఆపుకోనీ, మూగపోనీ, సోమవారం పొద్దున్నే అపిసాయి తన బల్ల దగ్గరికి నడిచి వస్తాడు, నిలబడతాడు, అప్పుడు చూద్దాం. ఒక్కో అక్షరం చెరిపేసింది. ఈలోగా రొట్టె మాడింది. మాడిన రొట్టె తనే తింది, ఆవకాయతో.

శుక్రవారం పదింపావుకి కొండల మీద, జల్లు కూడా పడదన్న చోట, ఆకాశం బద్దలైంది. కోరోవాతు దగ్గరి వునిమోలి కొలబద్ద తన పని తాను చేసింది, మీటరు, మీటరున్నర, రెండు మీటర్లు, పన్నెండు నిమిషాల పాటు కబురు మీద కబురు పంపింది. పెద్ద ప్రోగ్రాం ప్రతి కబురూ అందుకుంది, జాబితా తెరిచింది, పేరు పెట్టి పిలిచింది. ఆ తరువాత ఏం చెయ్యాలో ఆమే రాసి పెట్టింది. చాలా ఏళ్ళ కిందటి తుఫానులో ఒక ఫైల్లో తప్పు దొర్లితే దాని కోసం ప్రోగ్రాం మొత్తం కూలబడి గంటసేపు ఏ సైరనూ పలకలేదు. అప్పుడు ఇసికేలి అన్నాడు, ఒకడికి జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ మంచం పట్టకూడదమ్మాయ్ అని. నిజమే అనుకుని ఒక చిన్న ఏర్పాటు చేసింది. పిలిచినది రాకపోతే ఒక చీటీ రాసి పెట్టి, ఆగకుండా తరువాతి పేరుకి వెళ్ళు. ఆ చీటీలో ఏ మాట ఉండాలో కూడా ఆమే రాసింది, సరదాగా, యంత్రం మాట్లాడుతున్నట్టు. శుక్రవారం సాయంత్రం, వార్త తెలిసి ఆఫీసుకి పరుగెత్తి, తెర ముందు నిలబడి ఆ చీటీలు చదివింది. పదకొండు ఇరవై రెండు. వునిమోలి. దొరకలేదు, దాటి వెళ్తున్నాను. పదకొండు ఇరవై మూడు. వునిమోలి. దొరకలేదు, దాటి వెళ్తున్నాను. వందల చీటీలు, ఉదయం ఆరింటి నుంచీ, పద్దెనిమిది పేర్లకీ. పక్కన పచ్చదీపం వెలుగుతూనే ఉంది, అంతా నడుస్తోంది అని. ఆమె కూర్చుని ఫైళ్ళకి పాత పేర్లు పెట్టింది. ప్రోగ్రాం ఆపలేదు, ఆపక్కర్లేదు, ఒక్కో పేరూ పిలిచింది, ఒక్కొక్కటే వచ్చి చోట్లో కూర్చుంది. నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాల పని.

వెనక అపిసాయి వచ్చి నిలబడ్డాడు, ఆమె ఊహించినట్టే నడిచి వచ్చి నిలబడ్డాడు. చెమట పట్టి ఉంది. చీటీలు చదివాడు, తెలివైనవాడు, అర్థం చేసుకున్నాడు. "ఈ దాటిపోయే ఏర్పాటు... ఎవరిది?" అన్నాడు. నాదే సార్ అంది. అతను చీటీలు ఇంకోసారి పై నుంచి కింద దాకా చదివాడు. తరువాత భుజం మీద చెయ్యి వేశాడు. "చూడమ్మా, పేర్లు మార్చమంది నేను. దాటిపొమ్మంది నువ్వు. ఇద్దరం ఇంటిగుట్టు వీధిలో పెట్టుకుంటే ఎవరికి లాభం? పోయిన పిల్ల రాదు. యంత్రం తప్పు అని రాద్దాం." ఆమె తల ఊపింది. అలా ఊపినప్పుడు మనసులో ఏముంది? భయం కాదు. తేలికపడింది. ఆ ఏర్పాటు లైను ఒక్కటే తన తప్పని అతను అనుకుంటున్నాడు, అంతకంటే లోతు తవ్వడు, గురువారం రొట్టె దాకా రాడు. భుజం మీద చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. నచ్చింది కూడా. ఛీ.

అపిసాయి మాట ముగించి, తిమింగిలం పన్ను రెండు చేతులా ముందుకి చాపాడు. గిన్నె పక్కన కుర్రాళ్ళు ఊపిరి బిగపట్టారు. కితియోనే పన్ను వంక చూశాడు, అందుకోలేదు. ఆచారం ప్రకారం ఒక ప్రశ్న ఉంటుంది. "మీ వైపు నుంచి ఇంకెవరిదైనా మాట ఉందా? ఉంటే ఇప్పుడే రావాలి." ఇదిగో, ఇదే సందు. పొద్దుటి నుంచి, జీపులో, ఇసుక దారిలో, చెప్పులు విప్పుకుంటున్నప్పుడు, ఆమె ఈ సందు కోసమే లోపల మాటలు కూర్చుకుంటూ ఉంది. నాకు తెలుసు. ముందే తెలుసు. రాసి చెరిపేశాను. ఇంతే, మూడు ముక్కలు, ఆ భాష కూడా ఆమెకి బాగా వచ్చు, మోమో నేర్పాడు. ఆడదాన్ని, వేరే జాతిదాన్ని, తలుపు దగ్గర కూర్చున్నదాన్ని, ఇక్కడ నోరెత్తవచ్చా? అపిసాయి మెడ వెనక సన్నగా చెమట చార. ఇసికేలి కళ్ళెత్తి చూశాడు, ఆమె వైపే చూశాడు, ఏమిటమ్మాయ్ అన్నట్టు. మెరెసేని భర్త చేతులు. మళ్ళీ ఆ నవ్వు, టీ తెచ్చిన మనిషి నవ్వు, ఇక్కడ ఎవరూ నవ్వరని తెలిసినా. ఒకటి, రెండు, మూడు, ఊపిరి బిగపట్టి లెక్కపెట్టుకుంటోంది తెలియకుండానే. ఇరవై ఒకటి దగ్గర కితియోనే రెండు చేతులూ చాచి పన్ను అందుకున్నాడు. నుదుటికి ఆనించుకున్నాడు. మగవాళ్ళందరూ దొప్పచేతులతో ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు, గుహలో నీళ్ళు కొట్టుకున్నట్టు గంభీరంగా. మెరెసేని భర్త కూడా కొట్టాడు.

"నేనొక మాట చెప్పాలి," అంది శలేష్ణి.

చప్పట్లు అయిపోయాయి కాబట్టి అందరికీ వినపడింది. అపిసాయి వెనక్కి తిరగలేదు, వీపు మాత్రం బిగుసుకుంది. కితియోనే ఒడిలో పన్ను మీద చెయ్యి ఉంచి, కోపం లేకుండా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "అడిగినప్పుడు చెప్పాలి తల్లీ. పన్ను అందింది. ఇక ఆ మాట భూమిలోకి పోయింది. పాతిపెట్టినదాన్ని తవ్వితే తవ్వినవాళ్ళకీ మంచిది కాదు, మాకూ మంచిది కాదు. యంగోనా తాగు." కొబ్బరి చిప్ప ఆమె చేతికి వచ్చింది. ఒక్క గుక్కలో తాగింది, మట్టి రుచి, నాలుక మొద్దుబారింది. ఇప్పుడు మొద్దుబారి ఏం లాభం!

బయట ఎండ కళ్ళలో గుచ్చింది. వంటపాకలో ఆడవాళ్ళు కర్రపెండలం, కొబ్బరిపాలలో ఉడికించిన ఆకుకూర ఆకుల్లో వడ్డిస్తున్నారు, ఎవరో గట్టిగా జోకు వేస్తే ఎవరో కసిరారు. శలేష్ణి చెప్పులు వెతుక్కుంటుంటే ఇసికేలి వచ్చాడు, పక్కన వంగి ఆమె చెప్పు ఒకటి తీసి ఇచ్చాడు. "తెలుసులే. దాటిపొమ్మని రాసింది నువ్వే అయినా, రాయమంది నేను. సగం నాది. ఒక్కదానివే మొయ్యకు." దయతో అన్నాడు, ఆయనకి చేతనైనంతా ఇచ్చేశాడు, అది ఆమెకి పనికిరాలేదు. మీ సగం తీసుకున్నా నా దగ్గర మొత్తం అలాగే ఉంటుంది మోమో అందామనుకుంది. ఆయన చెయ్యి పట్టుకుని వదిలేసింది.

లోసాలినీ మెట్ల పక్కన నిలబడి ఉంది, ఆమె కోసమే నిలబడినట్టు.

"లోపల ఏదో చెప్పబోయావు."

"అవును బూబూ."

"నా కోడలి సంగతే?"

"అవును." ఇక్కడైనా చెప్పొచ్చు, ఇక్కడ చావడి లేదు, పన్ను లేదు, ఆచారం లేదు. "నాకు ముందే..."

ముసలామె ముడతల చెయ్యి ఎత్తి ఆమె నోటికి అడ్డంగా పెట్టింది, తాకీ తాకనట్టు. చేతికి నది బురద వాసన. "వద్దు. వినను. ఇందాక అందరినీ కలిపి ఒక్కసారే కాసేశాను, పళ్ళు బిగించి. నువ్వు విడిగా వచ్చి నిలబడితే నిన్ను విడిగా కాయాలి. నా వల్ల కాదు. నీ బరువు దించుకోవడానికి నా గుమ్మమే దొరికిందా?" కోపం కాదు, అలసట. చెయ్యి దించి, కొంగులా చుట్టుకున్న పూలగుడ్డ సర్దుకుని, "తినివెళ్ళు, లేకపోతే తప్పు," అని వంటపాక వైపు వెళ్ళిపోయింది. శలేష్ణి వెళ్ళి తింది. ఆకులో ఆల్చిప్పలు కూడా పెట్టారు, కొబ్బరిపాలలో. వద్దనడానికి లేదు. నమిలింది, ఇసుక పంటి కింద కరకరలాడింది, మింగింది.

భోజనాలయ్యాక అపిసాయి లేచి చేతులు దులుపుకుని, సైరన్ బాగైందని ఊరికి చూపించి వెళదాం అన్నాడు. ఉత్సాహంగా ఉన్నాడు, రొమ్ము మీంచి బండ దిగినవాడిలా. జీపులోంచి ఆమె కంప్యూటర్ తెచ్చి, వునిమోలి పేరు కొట్టి పరీక్ష నొక్కింది. నదిగట్టు మీద స్తంభం పైన ఒక్క క్షణం గరగర, తరువాత ఆ కేక, సన్నగా మొదలై లావై, లోయంతా నిండి, అవతలి కొండకి తగిలి మళ్ళీ వచ్చింది. కుక్కలు మొరిగాయి. కింద నదిలో ఆడవాళ్ళు ఏడుగురు ఆల్చిప్పలు ఏరుతున్నారు, అరటిబోదె ముక్కలకి బుట్టలు కట్టి పక్కన తేలనిచ్చి. సైరన్ మోగితే ఎక్కడున్నా గట్టెక్కాలని పదిహేనేళ్ళ కిందట ఇదే గట్టు మీద ఇసికేలితో కలిసి శలేష్ణే వాళ్ళకి చెప్పింది, పరీక్షకి మోగినా సరే ఎక్కాలి, అలవాటు తప్పకూడదు అని. అప్పటి నుంచీ ప్రతి నెలా ఎక్కుతూనే ఉన్నారు, నవ్వుకుంటూ, తడిబట్టలు పిండుకుంటూ. ఇప్పుడు ఏడుగురూ తలలెత్తి స్తంభం వైపు చూశారు. ఒకామె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టు మీద ఉన్న ఆఫీసు వాళ్ళనీ చూసింది. పక్కామెతో ఏదో అంది. ఇద్దరూ ఊపిరి పీల్చుకుని నీళ్ళలో మునిగారు. తరువాత మిగతావాళ్ళూ.

"వాళ్ళెవరూ రావడం లేదేం?" అన్నాడు అపిసాయి.

శలేష్ణి గట్టు దిగింది, నీళ్ళ అంచు దాకా వెళ్ళింది, రండి, పైకి రండి అని అరవబోయింది. ఏం చూపించి రమ్మంటుంది? పైన కొండల మీద మబ్బు ఈకైనా లేదు, అంచున నీళ్ళు మోకాల్లోతున తేటగా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు కనపడుతున్నాయి. వెనక సైరన్ ఇంకా అరుస్తూనే ఉంది. ఆమె ముందు నీళ్ళ మీద ఒక్క తల కూడా లేదు, ఏడు బుట్టలు మాత్రం మెల్లగా ఊగుతున్నాయి.